యంత్రం లేని చోట మనిషి: విశాఖ స్థానిక ఎన్నికల్లో పోలింగ్ సిబ్బంది

మహా విశాఖ నగర పాలక సంస్థకు 2007లో జరిగిన ఎన్నికల తర్వాత మళ్లీ పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. పాలకవర్గం గడువు 2012లోనే ముగిసినా ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. ఈ మధ్యలో భీమునిపట్నం, అనకాపల్లి పట్టణాలు నగరంలో కలిశాయి, వార్డుల సంఖ్య 72 నుంచి 98కి పెరిగింది. అయితే ఆ రోజు పోలింగ్ కేంద్రాల్లో కూర్చున్న ఉద్యోగులకు వార్డుల సంఖ్య కంటే పెద్ద మార్పు మరొకటి ఎదురైంది. 2009, 2014, 2019 సాధారణ ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాల మీద పనిచేసి, మాక్ పోల్ (పోలింగ్‌కు ముందు జరిపే నమూనా ఓటింగ్) నుంచి ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ సీలు దాకా కంఠతా వచ్చినవారి ముందు ఈసారి బ్యాలెట్ పెట్టె, కాగితాల కట్టలు, స్వస్తిక్ ముద్ర, స్టాంపు ప్యాడ్ ఉన్నాయి. 

స్థానిక ఎన్నికలు చిన్న ఎన్నికలనీ, వాటి విధులు తేలికనీ ఉద్యోగుల్లో సైతం ఒక అభిప్రాయం ఉంది. అది సరైనది కాదు. యంత్రంతో జరిగే ఎన్నికలో యంత్రమే కాచుకునే పొరపాట్లన్నింటినీ కాగితంతో జరిగే ఎన్నికలో సిబ్బందే కాచుకోవాలి. ఒకే వ్యక్తి రెండుసార్లు మీట నొక్కితే యంత్రం రెండో ఓటు తీసుకోదు, చెల్లని ఓటు అనే మాటకు అక్కడ చోటే లేదు, సాయంత్రం మొత్తం ఎంతో అదే చూపిస్తుంది. బ్యాలెట్ పద్ధతిలో ఈ మూడు పనులూ ముగ్గురు నలుగురు మనుషుల కళ్ల మీద, చేతుల మీద, వారు రాసే అంకెల మీద ఆధారపడతాయి. కాబట్టి ఓటు చెల్లుతుందా లేదా అన్నది ఓటరు జాగ్రత్తతో పాటు, ఆ ఓటరుకు కాగితం అందించిన ఉద్యోగి జాగ్రత్త మీద కూడా ఆధారపడుతుంది.

బ్యాలెట్ పత్రం మడత ఇందుకు మంచి ఉదాహరణ. శిక్షణ తరగతుల్లో అర నిమిషంలో చెప్పి వదిలేసే విషయమే గానీ, దాని వెనుక పెద్ద ఆలోచన ఉంది. పత్రాన్ని ఓటరుకు ఇచ్చే ముందు పోలింగ్ అధికారి దాన్ని మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, మళ్లీ విప్పి చేతికివ్వాలి. ఓటరు ముద్ర వేసి, పడిన గీతల వెంబడే తిరిగి మడుస్తాడు. నిలువు మడత ముందు పడితే తడి ఆరని సిరా ఎదుటి వైపు అంటుకున్నా అదే వరుసలో, అంటే అదే అభ్యర్థి గడిలోనే అంటుకుంటుంది. అడ్డం మడత ముందు పడితే ఆ సిరా పైనో కిందో ఉన్న మరో అభ్యర్థి గుర్తు మీద పడి, లెక్కింపు బల్ల దగ్గర రెండు ముద్రల పత్రంగా కనిపించి తగాదాకు దారి తీస్తుంది. ముద్ర ఆకృతిని ఒకే దిశలో తిరిగే చేతులతో రూపొందించడంలోనూ ఇదే ముందుచూపు కనిపిస్తుంది. అంటుకున్న సిరా గుర్తులో ఆ చేతులు అద్దంలో ప్రతిబింబంలా ఎదురు దిశకు తిరిగి ఉంటాయి కాబట్టి, ఏది ఓటరు వేసిన ముద్రో ఏది మడతలో అంటిన మరకో అనుభవమున్న లెక్కింపు అధికారి తేల్చగలుగుతాడు. స్టాంపు ప్యాడ్ మీద సిరా ఎక్కువగా పోయకూడదని, ముద్రను ఓటరు చేతికిచ్చే ముందే ప్యాడ్ మీద అద్ది ఇవ్వాలని చెప్పేదీ ఇందుకే.

పత్రం వెనుక వైపు కేంద్రాన్ని సూచించే గుర్తింపు ముద్ర, ఆ కేంద్రానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి సంతకం ఉండాలి. ఉదయం తొలి గంటలో వరుస పెరిగి, బయట నుంచి కేకలు వినిపిస్తున్నప్పుడు సంతకం లేని కాగితం ఒకటి చేయి దాటిపోవడం అసాధ్యమేమీ కాదు. అందుకే పోలింగ్ మొదలయ్యే ముందు కొన్ని పత్రాల మీద సంతకాలు పూర్తిచేసి ఉంచుకోవడం, అదే సమయంలో అవసరానికి మించి చేయకపోవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. సంతకం చేసి మిగిలిపోయిన పత్రాలకు సాయంత్రం వేరుగా లెక్క చెప్పాలి మరి. సిబ్బంది పొరపాటు వల్లే ముద్రో సంతకమో లోపించిందని, ఎన్నిక జరిపి ఫలితం ప్రకటించే రిటర్నింగ్ అధికారికి నమ్మకం కుదిరితే ఆ ఒక్క కారణంతో ఓటును తిరస్కరించరాదన్న సూత్రం 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోనే ఉంది. ఉద్యోగి తప్పుకు ఓటరు మూల్యం చెల్లించకూడదన్న ఈ న్యాయం గొప్పదే. అయినా ఆ నమ్మకం కుదిరేలోపు లెక్కింపు కేంద్రంలో ఎంత ఘర్షణ జరుగుతుందో చూసినవారు సంతకాన్ని తేలిగ్గా తీసుకోరు.

నగరం నుంచి పల్లెకు వెళితే ఈ బరువు రెట్టింపవుతుంది. ఉమ్మడి విశాఖ జిల్లాలో 2021 ఫిబ్రవరిలో గ్రామ పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతల్లో, 9, 13, 17, 21 తేదీల్లో జరిగాయి. అనకాపల్లి డివిజన్‌తో మొదలై, నర్సీపట్నం, పాడేరు మీదుగా చివరి విడతలో విశాఖ డివిజన్‌లోని భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వంటి మండలాలకు వచ్చాయి. జిల్లా 2022 ఏప్రిల్ 4న మూడుగా విడిపోవడంతో పాడేరు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, అనకాపల్లి తన పేరిటి జిల్లాలోకి వెళ్లాయి. ఆనాడు మాత్రం విశాఖ నగరంలో పనిచేసే గుమాస్తాకు కూడా ఘాట్ రోడ్డు పైన ఉన్న ఏ పంచాయతీలోనో డ్యూటీ పడే అవకాశం ఉండేది.

పంచాయతీ ఓటరుకు రెండు పత్రాలు ఇస్తారు. సర్పంచి పదవికి గులాబీ రంగుది, వార్డు సభ్యుడికి తెల్లది. ఈ ఎన్నికలు పార్టీ రహితం కావడంతో అభ్యర్థులకు స్వేచ్ఛా గుర్తులు, అంటే ఏ పార్టీకీ చెందని గుర్తులు కేటాయిస్తారు, పత్రం మీద ఆ గుర్తులే ఉంటాయి గానీ పేర్లు ఉండవు. లోపలికి వచ్చిన వృద్ధురాలు ఒక అభ్యర్థి పేరు చెప్పి ఆ అభ్యర్థి గుర్తేదని అడిగితే పోలింగ్ అధికారి జవాబు చెప్పకూడదు. బయట అంటించిన అభ్యర్థుల జాబితా చూసి రమ్మని మాత్రమే చెప్పగలడు. చదువు రాని మనిషికి ఆ జాబితా ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది వేరే ప్రశ్న. ఉత్తరాంధ్ర పల్లెల్లో వినిపించే ‘నాకు తెలవదు నాయినా, నువ్వే గుద్దీ’ అన్న మాటలో అమాయకత్వమే తప్ప మోసం లేదు. అయినా ఆ ముద్రను ఉద్యోగి తాకిన క్షణం ఎన్నిక చెడిపోతుంది. చూపు లేనివారు, అశక్తులు మాత్రం పద్దెనిమిదేళ్లు నిండిన తోడును తెచ్చుకోవచ్చు. ఆ తోడు ఆ రోజు మరెవరికీ తోడుగా రాలేదని, రహస్యం బయట పెట్టనని ప్రకటన ఇవ్వాలి. తోడు కావాలని అడిగే ప్రతి ఒక్కరికీ అంగీకరిస్తే ఒకే అభ్యర్థి మనిషి పదిమంది చేత ఓటు వేయించే ప్రమాదముంది, ఎవరికీ అంగీకరించకపోతే నిజంగా అవసరమున్నవారికి అన్యాయం జరుగుతుంది. ఈ రెంటి మధ్య గీత గీయవలసింది ఆ కుర్చీలో కూర్చున్న అధికారే.

పంచాయతీ డ్యూటీకి మరే ఎన్నికలోనూ లేని ప్రత్యేకత, పోలింగ్, లెక్కింపు, ఫలితం, ఉపసర్పంచి ఎన్నిక ఒకే రోజున ఒకే చోట జరగడం. నామినేషన్ల పనిని మొదటి దశ రిటర్నింగ్ అధికారి, పోలింగ్ రోజు పనిని రెండో దశ రిటర్నింగ్ అధికారి చూస్తారు. 2021లో పోలింగ్ ఉదయం ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో ఒకటిన్నరకే ఆపివేశారు. ఆ తర్వాత అవే చేతులు పెట్టెలు తెరిచి, గులాబీ కాగితాలను తెల్ల కాగితాల నుంచి వేరు చేసి, ఇరవై అయిదేసి కట్టలు కట్టి, లెక్కింపు మొదలుపెడతాయి. అంతకు ముందు రోజు ఉదయమే మండల కేంద్రంలో సామగ్రి తీసుకుని, సాయంత్రానికి బడి చేరి, బెంచీల మీద పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనుషులు రాత్రి పది గంటలకు అయిదారు ఓట్ల తేడా మీద రెండోసారి లెక్కింపు కోరుతున్న అభ్యర్థుల ఎదుట కూర్చుంటారు. ఓట్లు సమానమైతే చీటీ తీసి తేల్చాల్సిందీ అక్కడే. సర్పంచి పదవి ఒక్క ఓటుతో చేతులు మారే అవకాశమున్న ఎన్నికలో లెక్కింపు పనిని అత్యంత అలసిన మనుషులకు అప్పగించడం ఈ వ్యవస్థలోని పెద్ద బలహీనత. పెద్ద పంచాయతీలకైనా లెక్కింపు కోసం మధ్యాహ్నం వేరే బృందాన్ని పంపడం అసాధ్యమైన పని కాదు. సిబ్బంది కొరత దీనికి సమాధానంగా చెబుతారు గానీ, నాలుగు విడతలుగా ఎన్నికలు పెట్టేదే సిబ్బందిని తిప్పి వాడుకోవడానికి కదా!

రాష్ట్ర ఎన్నికల సంఘానికి సొంత సిబ్బంది నామమాత్రం. రాజ్యాంగంలోని 243కె అధికరణం పంచాయతీలకు, 243జెడ్‌ఏ అధికరణం పట్టణ సంస్థలకు ఎన్నికలు జరిపే అధికారాన్ని ఆ సంఘానికి అప్పగించి, అది కోరినప్పుడు కావలసిన సిబ్బందిని గవర్నరు సమకూర్చాలని చెబుతున్నాయి. ఉపాధ్యాయుల విషయంలో 2009 విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ బోధనేతర పనులను నిషేధిస్తూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులను మినహాయించింది, ఆ ఎన్నికల్లో స్థానిక సంస్థలను పేరు పెట్టి చేర్చింది. ఈ డ్యూటీ ఉద్యోగి ఇష్టాయిష్టాల మీద ఆధారపడేది కాదని చట్టం స్పష్టంగా చెప్పినట్టే. 2021 జనవరిలో ఈ స్పష్టతకు గట్టి పరీక్షే ఎదురైంది. కోవిడ్ టీకా ఇంకా అందని స్థితిలో పోలింగ్ విధులు చేయలేమని ఉద్యోగ సంఘాలు, ఎన్నికలు వాయిదా వేయాలని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, జనవరి 25న కోర్టు ఆ అభ్యర్థనలను తోసిపుచ్చింది. తీర్పు తర్వాత మొదటి విడత పోలింగ్‌కు మిగిలింది రెండు వారాలే. ఆ భయం నిరాధారమైనది కాదు, అయిదేళ్లకోసారి గ్రామానికి పాలకవర్గం ఉండాలన్న రాజ్యాంగ నియమమూ తోసేయదగింది కాదు. రెండూ నిజమైనప్పుడు, మాస్కు కట్టుకుని, శానిటైజరు సీసా పక్కన పెట్టుకుని ఓటర్ల వేళ్లకు సిరా పూసిన ఉద్యోగుల సేవను తగినంతగా ఎవరూ గుర్తించలేదనే చెప్పాలి.

నగరంలో సమస్య మరో రూపంలో వస్తుంది. స్థానిక ఎన్నికల ఓటరు జాబితా శాసనసభ జాబితా నుంచే తయారవుతుంది, దాన్ని వార్డుల వారీగా విడగొడతారు. 72 వార్డులు 98 అయినప్పుడు ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు వేర్వేరు వార్డుల్లోకి, ఒకే ఇంటివారు వేర్వేరు కేంద్రాల్లోకి వెళ్లే పరిస్థితి ఏర్పడుతుంది. గాజువాక, పెదగంట్యాడ వైపు పరిశ్రమల కార్మికులు, మధురవాడ వైపు కొత్త కాలనీలవారు తరచు ఇళ్లు మారేవారే. గుర్తింపు కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు కనిపించని మనిషి మొదట నిలదీసేది ఎదురుగా కూర్చున్న మొదటి పోలింగ్ అధికారినే. పేరు చేర్చే అధికారం ఆ అధికారికి లేదు, ఆ మాట ఓటరు నమ్మడు. ఈ వాదనలతో వరుస ఆగిపోతే లోపల కాగితాలిచ్చే చేతులు తొందరపడతాయి, పైన చెప్పిన మడతలు, సంతకాలు అప్పుడే తప్పుతాయి. అందువల్ల వార్డు సచివాలయ ఉద్యోగి ఒకరు జాబితాతో, పొరుగు కేంద్రాల వివరాలతో గేటు దగ్గరే కూర్చునే ఏర్పాటు లోపలి నలుగురి పనిని సగం తేలిక చేస్తుంది.

పేరు ఉండి, ఆ పేరుతో అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్లినట్టు తేలితే పరిస్థితి ఇంకా సున్నితం. వచ్చిన వ్యక్తే అసలు ఓటరని ప్రశ్నలడిగి నిర్ధారించుకున్నాక టెండర్ బ్యాలెట్ ఇవ్వాలి. ముద్ర వేసిన ఆ పత్రం పెట్టెలోకి వెళ్లదు, ప్రత్యేక కవరులోకి వెళుతుంది, మామూలు లెక్కింపులో కలవదు. ఇది తెలియక దాన్ని పెట్టెలో వేయించిన చోట పెట్టె లెక్క తప్పుతుంది. అసలు వివరించకుండా ఓటరును తిప్పి పంపించిన చోట అతని చట్టబద్ధమైన హక్కు పోతుంది. రెండో తప్పే ఎక్కువ తీవ్రమైనది, ఎందుకంటే అది ఏ రికార్డులోనూ కనిపించదు. అభ్యర్థి తరఫున కేంద్రంలో కూర్చునే పోలింగ్ ఏజెంటు ఒక ఓటరు గుర్తింపును సవాలు చేస్తే స్వల్ప రుసుము కట్టించుకుని, అక్కడికక్కడే విచారించి తేల్చాలి. ఏజెంటు గట్టిగా అరిచాడని ఓటరును ఆపడం గానీ, ఓటరు ఏడ్చిందని విచారణ మానేయడం గానీ తగదు.

పల్లెలో ఏజెంట్లు, అభ్యర్థులు, ఓటర్లు చాలాసార్లు ఒకే కుటుంబపు కొమ్మలు. సిబ్బందిని సొంత మండలానికి వేయకపోవడానికి, ర్యాండమైజేషన్ (లాటరీ తరహా కేటాయింపు) ద్వారా కేంద్రం చివరి నిమిషం దాకా తెలియనివ్వకపోవడానికి కారణమదే. కానీ పరాయి ఊరికి చేరిన బృందానికి ఆ రాత్రి అన్నం ఎవరు పెడతారన్న చిన్న ప్రశ్నలోనే నిష్పాక్షికతకు పెద్ద పరీక్ష ఉంది. అభ్యర్థి ఇంటి నుంచి క్యారేజీ వస్తే తినకూడదు, ఆ ఊళ్లో హోటలు ఉండదు. తిన్నవారు పక్షపాతం చూపకపోయినా మర్నాడు ఓడిన అభ్యర్థి ఆ క్యారేజీనే గుర్తు చేస్తాడు. పంచాయతీ కార్యదర్శి ద్వారా లేదా మధ్యాహ్న భోజనం వండే మహిళల ద్వారా డబ్బు చెల్లించి వంట చేయించే ఏర్పాటు ముందే లిఖితపూర్వకంగా ఉన్న చోట ఈ ఇబ్బంది ఉండదు. మహిళా ఉద్యోగుల విషయంలో భోజనానికి తోడు మరుగుదొడ్డి, గడియ ఉన్న గది, రాత్రి లెక్కింపు ముగిశాక ఇంటికి చేర్చే వాహనం కూడా ఎన్నికల ఏర్పాట్లలో భాగమే. సామగ్రి అప్పగించేదాకా బస్సు ఉంటుంది, అప్పగించాక అర్ధరాత్రి మండల కేంద్రంలో దిగిన మహిళా ఉద్యోగి పెందుర్తి నుంచో భీమిలి నుంచో నగరంలోని ఇంటికి తన తంటాలు తానే పడి చేరుకోవాల్సి రావడం బాధ్యత గల వ్యవస్థకు తగదు.

సాయంత్రం పోలింగ్ ముగిసే వేళ ఒక నియమం ఉంది. గడువు సమయానికి వరుసలో నిలుచున్న అందరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. వారికి చీటీలు ఇవ్వడం వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి. ముందు నుంచి మొదలుపెడితే చీటీలు పంచుతున్నంత సేపూ వెనుక కొత్తవారు చేరుతూనే ఉంటారు. ఆ తర్వాత వచ్చేదే బ్యాలెట్ పత్రాల లెక్క. అందిన పత్రాలెన్ని, వాడనివెన్ని, రద్దయినవెన్ని, టెండర్ కింద ఇచ్చినవెన్ని, పెట్టెలో ఉండాల్సినవెన్ని అన్నది ఒక్క కాగితం మీద సరిపోవాలి. ఏజెంట్ల సంతకాలు ఉన్న ఈ పత్రమే లెక్కింపు బల్ల దగ్గర తొలి సాక్ష్యం. పెట్టె తెరిచినప్పుడు ఆ అంకెకు ఒక్కటి తగ్గినా పెరిగినా ఆ కేంద్రంలో రోజంతా జరిగిన పని మొత్తం అనుమానంలో పడుతుంది. ప్రిసైడింగ్ అధికారి డైరీని కూడా చాలామంది చివర్లో ఒక్కసారిగా నింపేస్తారు. గంట గంటకు పోలైన ఓట్లు, జరిగిన వాగ్వాదాలు, కొన్ని కేంద్రాలను పర్యవేక్షించే జోనల్ అధికారి వచ్చి వెళ్లిన సమయం అప్పటికప్పుడు రాసి ఉంటేనే తర్వాత ఎన్నికల ట్రిబ్యునల్ ముందు అది అక్కరకొస్తుంది.

ఇంత చేతిపని ఉన్న బాధ్యతకు ఇప్పుడిస్తున్న శిక్షణ సరిపోదు. వందలమందిని ఒక కళ్యాణ మండపంలోనో కళాశాల సభా మందిరంలోనో కూర్చోబెట్టి, మైకులో నిబంధనలు చదివి, తెర మీద బొమ్మలు చూపించడంతో ముగుస్తుంది. బ్యాలెట్ పెట్టె మూత మూసి సీలు వేయడం, లక్క కరిగించడం, కాగితం మడవడం, లెక్క పత్రం నింపడం చూసి నేర్చుకునేవి కావు, చేసి నేర్చుకునేవి. ముప్ఫైమందికి మించని బృందాలుగా విడగొట్టి, పెట్టెను, నమూనా పత్రాలను చేతికిచ్చి, ఒక కల్పిత పోలింగ్ మొదటి నుంచి చివరి లెక్క దాకా నడిపించి, తప్పిన అంకెను వారి చేతే వెతికిస్తే, ఒక్క పూటలో వచ్చే పట్టు మూడు ఉపన్యాసాల్లో రాదు. విశాఖలో ఈ అవసరం మరింత ఎక్కువ. నగర పాలక సంస్థకు మేయర్ ఎన్నిక 2021 మార్చి 18న జరిగింది కాబట్టి అయిదేళ్ల గడువు 2026 మార్చికి నిండే లెక్క. గత ఎన్నికలో బ్యాలెట్ పని నేర్చుకున్నవారిలో కొందరు ఈలోగా పదవీ విరమణ చేశారు, మరికొందరు జిల్లాల విభజనతో ఇతర జిల్లాలకు వెళ్లారు. నేర్చుకున్న పనిని తర్వాతి వారికి అందించే ఏర్పాటు, అంటే అనుభవమున్న ప్రిసైడింగ్ అధికారుల పట్టిక, వారి చేత ఇప్పించే శిక్షణ, ప్రతి మండలంలోనూ ఉండాలి.

ఎన్నిక జరిపే ఉద్యోగి ఓటు సంగతి కూడా ఈ లెక్కల్లో కలపాలి. సొంత వార్డుకు దూరంగా డ్యూటీ పడిన ఉపాధ్యాయురాలికి పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం ఉంది. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఏ తేదీలోగా ఇవ్వాలో తెలిసేసరికి గడువు దాటిపోవడం మాత్రం తరచు జరుగుతుంది. శాసనసభ నియోజకవర్గంలో ఆ ఒక్క ఓటు తేడా తేకపోవచ్చు గానీ, కొన్ని వందల ఓట్ల పంచాయతీ వార్డులో అది అభ్యర్థి గెలుపోటములను నిర్ణయించగలదు. నియామక ఉత్తర్వుతో పాటే దరఖాస్తు కాగితం జతచేసి, మొదటి శిక్షణ తరగతి జరిగే హాల్లోనే దాన్ని తీసుకునే బల్ల ఒకటి వేస్తే, అదనపు ఖర్చు ఏమీ లేకుండా ఈ సమస్యలో చాలా భాగం అక్కడితో తీరుతుంది.